మేనమామ పరామర్శ

ఆ ఆదివారం పొద్దున మునిరత్నం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంకా చీకటి ఉండగానే తిరువళ్లూరు ఆస్పత్రి గేటు దగ్గర బయలుదేరాలి. ఎండ ముదిరేలోపల కనకమ్మసత్రం దాటాలి. మధ్యాహ్నానికి తిరుత్తణి కొండ కింద ఆగాలి. నడుమ ఉన్నదంతా పరుగే. నీళ్ళూ, అరటిపళ్ళూ, మజ్జిగా పెట్టుకుని వెనకాలే బైకు మీద ఫ్యాక్టరీ స్నేహితుడు మురళీధరన్ వస్తాడు. మునిరత్నం ఫోను కూడా అతని జేబులోనే ఉంటుంది. భార్య శోభన కూతుర్ని వెంటబెట్టుకుని, అత్తగారి ఫోటో ఫ్రేమును గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బస్సులో నేరుగా తిరుత్తణి చేరుతుంది.

మునిరత్నం పరుగుల మనిషి కాదు. పూండి పక్క పల్లెవాడు, కాక్కలూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు, నలభై దాటినవాడు, బొజ్జ ఉన్నవాడు. పరుగు అతనికి తల్లి పోయాక పట్టుకుంది. తల్లి చెంగమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. డయాలిసిస్ చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు తిరువళ్లూరు వచ్చేది. మిషను మీదనుంచి దిగాక ఒంట్లో సత్తువ ఉండేది కాదు. బస్టాండులో నేలమీద కూలబడి, పూండి బస్సు వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. అట్లాంటివాళ్ళను ఇంటి గడప దగ్గర దించే వ్యాను ఒకటి ఉంటే ఎంత బాగుండునని మునిరత్నానికి అనిపించింది. ఊరికే అడిగితే ఎవరిస్తారు? అమ్మ పేరు మీద తిరుత్తణి దాకా పరిగెడతాను, మీరు తలా కాస్త వెయ్యండి అన్నాడు. ఫ్యాక్టరీలో అందరూ సరేనన్నారు. అందులో సగంమంది అతను పాండూరు కూడా దాటలేడన్న ధైర్యంతో అన్నారు.

ఇదంతా పైకి చెప్పిన మాట. పరిగెత్తడానికి తిరువళ్లూరు చుట్టుపక్కల రోడ్లకేం కరువు లేదు. తామరైపాక్కం వైపు పోయి ఉంటే ఎండ దెబ్బయినా తప్పేది. తిరుత్తణి రోడ్డే ఎందుకంటే, కనకమ్మసత్రం కూడలి పక్కన అతని మేనమామ పచ్చయ్యప్ప ఇల్లుంది. ఆ పచ్చయ్యప్ప సొంత అక్క పోతే చూడ్డానికి రాలేదు. మంచాన పడ్డ దగ్గర్నుంచి చెంగమ్మ వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, తమ్ముడు వచ్చాడేమో చూడమనేది. ఆఖరికి పుట్టింటి చీర కప్పకుండానే ఆమెను సాగనంపారు. ఆ బాధ మునిరత్నాన్ని ఇన్ని నెలలూ తినేసింది. అమ్మ పేరుతో తను ఆ ఇంటి ముందు పరిగెత్తుకుంటూ పోయేటప్పుడు మామ ఒక్కసారి గడప దాటి బయటికి రావాలి. వ్యాను వచ్చినా రాకపోయినా, అతనికి అసలు కావలసింది అదే.

తగవేమిటో చెబితే నవ్వుతారు. మునిరత్నం కూతురికి చెవులు కుట్టించిన రోజున కళ్యాణమండపం వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు. ఈ పక్క ఫ్లెక్సీ లేకుండా చెవికి రంధ్రం పడదు. అందులో శోభన అన్నదమ్ములంతా ఉన్నారు, వాళ్ళ బామ్మర్దులున్నారు, ఎందుకున్నాడో తెలియని ఒక వార్డు మెంబరు కూడా ఉన్నాడు. పచ్చయ్యప్ప లేడు. ఆయన సారె తట్ట పట్టుకుని వాకిలిదాకా వచ్చి, ఆ ఫ్లెక్సీని ఈ చివరనుంచి ఆ చివరికి, ఆ చివరనుంచి ఈ చివరికి చూసి, తట్టతో సహా వెనక్కి తిరిగిపోయాడు. ఏమిటయ్యా ఇది అని ఫ్లెక్సీ వేసిన సుందరరాజ్‌ను అడిగితే, జాగా చాల్లేదన్నాడు.

ఈసారి ఆ పొరపాటు జరక్కూడదని మునిరత్నం సుందరరాజ్ కొట్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. అమ్మ జ్ఞాపకార్థం పరుగు అని తమిళంలో రాయాలి. అమ్మ ఫోటో, తన ఫోటో, అన్నిటికన్నా ముఖ్యంగా మామ ఫోటో ఉండాలి. దారి పొడుగునా కట్టాలి. శనివారం సుందరరాజ్ నమూనాను ఫోనుకు పంపాడు. మునిరత్నం దాన్ని వేళ్ళతో సాగదీసుకుంటూ పోయి మామ ఫోటో దగ్గర ఆగాడు. మామ ఉన్నాడు. మీసం కూడా స్పష్టంగా ఉంది. సంతోషంతో సరేనని చెప్పేశాడు. మిగతా ఫ్లెక్సీ చూడలేదు.

మిగతా ఫ్లెక్సీ ఇలా ఉంది. చెంగమ్మ ఫోటో రేషన్ కార్డులోది, పెద్దది చేస్తే ముఖం మసకబారిపోతుంది. అందుకని సుందరరాజ్ దాన్ని చిన్నగా పైమూలలో, మామూలుగా దేవుళ్ళనూ పెద్దలనూ పెట్టే చోట పెట్టాడు. తెల్లచొక్కాలో నిక్షేపంగా వచ్చిన మునిరత్నం ఫోటోను నడిమధ్య నిలువెత్తున నిలబెట్టాడు. జ్ఞాపకార్థం అన్నారు కదాని చుట్టూ బంతిపూల అంచు వేసి, ఇటొక దీపం, అటొక దీపం వెలిగించాడు. కింది వరసలో పచ్చయ్యప్ప, మురళీధరన్, ఇంకో ముగ్గురు ఫ్యాక్టరీవాళ్ళు చేతులు జోడించుకుని ఉన్నారు. రాతలో ఒక్క తప్పు లేదు. అయితే ఈ ప్రాంతంలో ఫ్లెక్సీని ఎవరూ చదవరు, చూస్తారు. నడుమ నిలువెత్తు మనిషి, చుట్టూ బంతిపూలు, రెండు దీపాలు, కింద చేతులు జోడించిన బంధువులు ఉన్నారంటే ఆ మనిషి పోయాడని అర్థం. ఈ సంగతి బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

తెలియనిది మునిరత్నానికే. సుందరరాజ్ మనుషులు ఫ్లెక్సీలన్నిటినీ తిరుత్తణి వైపునుంచి వచ్చేవాళ్ళకు కనబడేలా కట్టి పోయారు. తిరువళ్లూరు నుంచి పోయేవాళ్ళకు తెల్లటి వీపే కనిపిస్తుంది. తిరుపాచ్చూరులో ఒకదాన్ని, పాండూరులో ఒకదాన్ని వెనకనుంచి దాటుకుంటూ అతను నిమ్మళంగా పరిగెత్తాడు. మురళీధరన్ ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు.

దారిలో జనం తీరు చూస్తే మునిరత్నం గుండె నిండిపోయింది. టీకొట్ల ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఒక పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. బస్సు డ్రైవరొకడు వేగం తగ్గించి, ముఖంలోకి చూసి, దండం పెట్టి మరీ పోయాడు. పాండూరులో ఒక ముసలామె ఎదురొచ్చి, పోయిందెవరు నాయనా అని అడిగింది. మా అమ్మ అని చెప్పి అతను ముందుకు సాగిపోయాడు. ముసలామె నోట కొంగు కుక్కుకుంది. ఆమె లెక్కలో ఫ్లెక్సీలో ఉన్నవాడు ఇతని అన్న. అన్న పోయిన దుఃఖంతో తల్లీ పోయింది. మిగిలిన తమ్ముడికి మతి చలించి, రోడ్డున పడి పరిగెత్తుతున్నాడు. ఆమె మురళీధరన్‌ను ఆపి చెంబుడు నీళ్ళు ఇచ్చి, బిడ్డను ఒంటరిగా వదలొద్దని మరీమరీ చెప్పింది. మురళీధరన్ వదలనని మాటిచ్చాడు.

అదే వేళకు కనకమ్మసత్రంలో ఏం జరుగుతున్నదో మునిరత్నానికి తర్వాతెప్పుడో తెలిసింది గానీ, మనం ఇప్పుడే చెప్పుకోవాలి. పచ్చయ్యప్ప రోజూలాగే పాలు పోసి, టీ తాగడానికి కూడలికి వచ్చి తలెత్తాడు. నడుమ మేనల్లుడు. పైన అక్క, కొడుకు కోసం కాచుకున్నట్టు. కింద తను, చేతులు జోడించుకుని. ఏ ఫోటో కోసం ఇన్నేళ్ళు అలిగాడో ఆ ఫోటో కళ్ళెదురుగా ఉంది. ఆయన టీ తాగలేదు. పాల క్యాను బల్లమీదే వదిలేసి ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుని, "మునిగాడు పొయ్యినాడే" అన్నాడు భార్య వజ్రమ్మతో.

వజ్రమ్మ నమ్మలేక శోభనకు ఫోను చేసింది. ఇన్నేళ్ళకు ఆమె గొంతు, అదీ ఏడుపుతో, వినబడేసరికి బస్సులో ఉన్న శోభన వాళ్ళ మనసు మెత్తబడిందనుకుని తనూ కళ్ళు తుడుచుకుంది. ఎట్లా తట్టుకుంటున్నావమ్మా అని వజ్రమ్మ అడిగింది. నెలల తరబడి వద్దంటూనే ఉన్నాను, నా మాట వింటేగా అంది శోభన. ఇప్పుడెక్కడున్నాడంటే, ఆస్పత్రి గేటునుంచి చీకట్లోనే బయలుదేరారు, మీ ఊరి మీదుగానే తిరుత్తణికి వస్తారు, మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది అని చెప్పింది. పిల్ల ఏం చేస్తోందంటే, చిప్స్ తింటోంది అంది. ఆ పసిదానికి ఇంకా చెప్పినట్టు లేరని వజ్రమ్మ ఏడుపు రెట్టింపైంది. ఆపైన బస్సు హోరులో మాటలు వినబడలేదు.

పచ్చయ్యప్ప ఆగలేక మేనల్లుడి నంబరుకే చేశాడు, ఎవరైనా ఎత్తుతారేమోనని. ఎత్తింది మురళీధరన్. కనకమ్మసత్రం నుంచి మాట్లాడుతున్నానన్నాడు పచ్చయ్యప్ప. అన్న ఇప్పుడు మాట్లాడలేడు సార్, నేనే తోడుగా ఉండి తీసుకొస్తున్నాను, ఎండ ముదిరేలోపల మీ ఊరు చేర్చేస్తాను అన్నాడు. ఎవరో పెద్దమనిషి గొంతు విని అతను వీలైనంత మర్యాదగా చెప్పాడు.

మేనల్లుడు ఊరి మీదుగా ఆఖరి ప్రయాణం పోతుంటే ఇంట్లో కూర్చునే మేనమామ ఈ సీమలో లేడు. అలక వేరే, ఆచారం వేరే. పచ్చయ్యప్ప కళ్ళు తుడుచుకుంటూనే పలకల మేళాన్ని పిలిపించాడు. ఈ పక్క శవం ముందు కాల్చే టపాకాయలు తెప్పించాడు. కొత్త పంచె, నిలువెత్తు గులాబీదండ తట్టలో పెట్టించాడు. శవం వ్యాను ఆగడానికి రోడ్డు పక్క ముళ్ళు కొట్టించి నీళ్ళు చల్లించాడు. తిరుత్తణి దాకా వెంట పోవడానికి బంధువులకు ఒక వ్యాను మాట్లాడాడు.

ఈలోగా ఫ్లెక్సీ ఫోటో ఫోన్లెక్కింది. పూండి పక్కన మునిరత్నం ఇంటికి జనం పోయి చూస్తే తాళం వేసి ఉంది. తాళం పడిందంటే మాట నిజమేనని అందరికీ రూఢి అయింది. షామియానా ఆయన ఎవరూ చెప్పకుండానే వాకిట్లో షామియానా వేసి, కుర్చీలు దించి పోయాడు. తిరుత్తణిలో చప్పట్లు కొట్టడానికి రావలసిన ఫ్యాక్టరీవాళ్ళు దారిలో ఆగి పూలచక్రం కొనుక్కున్నారు.

పట్టరైపెరుంబుదూరు దాటేసరికి మునిరత్నానికి పిక్కలు పట్టేశాయి. చాలించి బైకెక్కమని మురళీధరన్ రెండుమూడుసార్లు అన్నాడు. మామ ఇంటి ముందు బైకు మీద పోవడం కంటే ఇక్కడే పడిపోవడం మేలనుకుని మునిరత్నం కుంటుతూ పరిగెత్తాడు. కనకమ్మసత్రం మలుపుకు ముందే పలకల మోత వినబడింది. మలుపు తిరిగితే రోడ్డుకు రెండు పక్కలా జనం. అందరికన్నా ముందు మామ. చేతిలో తట్ట, తట్టలో కొత్త పంచె, దండ. మునిరత్నానికి ఏడుపు ముంచుకొచ్చింది. గడప దాటితే చాలనుకున్న మామ మేళం పెట్టించాడు, కొత్తబట్టలు తెచ్చాడు, ఊరినంతా పిలిచాడు. పిక్కల నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. చేతులు చాచి పరుగందుకున్నాడు.

జనం మాత్రం అతని వెనక రావలసిన వ్యాను కోసం చూస్తున్నారు. మొదట గుర్తుపట్టింది పలకలవాళ్ళలో ఒకడు. అతని చేయి ఆగిపోయింది. పక్కవాళ్ళవి ఒక్కొక్కటే ఆగాయి. ఏడుపు రాగం ఎత్తుకున్న వజ్రమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మునిరత్నం వచ్చి మామ కాళ్ళమీద పడ్డాడు. పచ్చయ్యప్ప తట్ట కింద పెట్టి, వంగి, అతని నెత్తి తడిమాడు, మెడ తడిమాడు, చెమటతో తడిసిన వీపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు.

"ఉడుకుగా ఉండాడే" అన్నాడు భార్యవైపు తిరిగి.

ఎవరో మునిరత్నం భుజం పట్టుకుని ఫ్లెక్సీ వైపు తిప్పారు. బంతిపూల నడుమ, దీపాల వెలుగులో, తెల్లచొక్కా వేసుకుని తననే చూస్తున్న తనను అతను అప్పుడు చూశాడు. వెనకనుంచి వచ్చిన మురళీధరన్ కూడా చూసి, కింది వరసలో తన ఫోటో బాగా పడిందని గమనించి, అది చెప్పడానికి సమయం కాదని ఊరుకున్నాడు.

సంగతి తేలిపోయాక జనం ఊపిరి పీల్చుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. పచ్చయ్యప్ప నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు చీదుకున్నాడు, తట్ట ఎత్తుకున్నాడు.

"సచ్చినావని వొచ్చినా. బతికుండావు, చానా సంతోషం. ఇంక ఈడ నాకేం పనుండాది" అని ఇంటిదారి పట్టాడు.

మునిరత్నం లేవబోయాడు గానీ కాళ్ళు లేవనివ్వలేదు. తారురోడ్డు మీదే కూర్చుండిపోయాడు. ఇంత దూరం దేనికోసం వచ్చాడో అది వచ్చినట్టే వచ్చి వీపు చూపించి పోతోంది.

"మామా, నేను పోతే మేళం పెట్టినావు. మాయమ్మ పోతే రాకపోతివి. వాకిట్లో ఎవురు చెప్పులిడిసినా నువ్వేనని లేసి కూసునేది మామా. అట్ల సూస్తా సూస్తానే పొయ్యింది."

పచ్చయ్యప్ప ఆగాడు. తిరగలేదు. మాట్లాడింది వజ్రమ్మ.

"రాలేదని ఎవురు జెప్పినారు నీకు? చీర తీసుకోని మీ ఈది మొగదాల దాకా వొచ్చినాడు. ఆడ మీయమ్మకు కట్టిన ఫ్లెక్సీ సూసినాడు. దాంట్లో గూడా ఈ మనిషి లేడు. ఎవురెవురో ఉండారు, కూడబుట్టినోడు లేడు. చీర సంకన పెట్టుకోని ఏడస్తా బస్సెక్కినాడు. ఆ చీర ఇంకా పెట్టెలోనే ఉండాది. నన్ను గూడా ముట్టనీడు."

 ఆ రోజు వీధి చివర ఫ్లెక్సీ కట్టారని మునిరత్నానికి తెలుసు. అందులో ఎవరున్నారో చూసే స్థితిలో అతను లేడు, మర్నాడు చూడలేదు, ఆ తర్వాత గాలికి అది చినిగిపోయింది. ఇన్ని నెలలుగా మామది రాతిగుండె అని అనుకుంటూ వచ్చాడు. మామ మాత్రం అమ్మకు అంత దగ్గరదాకా వచ్చి, తాము కట్టిన ఫ్లెక్సీ చూసే వెనక్కి పోయాడు. అతను ముఖం చేతుల్లో దాచుకుని, అందరూ చూస్తుండగా, పిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"తప్పు మాదే మామా" అన్నాడు చివరికి.

పచ్చయ్యప్ప ఇటు తిరిగాడు.  ఆ చీర ఎత్తుకురమ్మని భార్యకు చెప్పాడు. వజ్రమ్మ పరుగున పోయి తెచ్చింది. ఆకుపచ్చ నేత చీర, ఎర్ర అంచు, మడత కూడా విప్పలేదు. అమ్మ ఫోటో తిరుత్తణిలో శోభన దగ్గరుంది, నేను తీసుకుపోయి పెడతానని మునిరత్నం చెయ్యి చాచాడు. పచ్చయ్యప్ప ఆ చెయ్యి పక్కకు నెట్టాడు. పుట్టింటి చీర ఇంకొకరి చేతికి ఇచ్చి పంపేది కాదు, తోబుట్టువే తేవాలి. ఆయన పంచె ఎగగట్టి మురళీధరన్ వెనక బైకెక్కి, అరటిపళ్ళ సంచీ వజ్రమ్మకు అందించి, చీర తట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. మేళంవాళ్ళు మేమిక పోవచ్చా అని అడిగారు. పిలిచింది మీరు పోవడానికి కాదు, వ్యానెక్కి వాయించమన్నాడు.

మునిరత్నం మజ్జిగ తాగి లేచాడు. అక్కణ్ణుంచి తిరుత్తణి దాకా సాగిన ఊరేగింపును చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందర, పోయాడనుకున్నవాడే పరిగెడుతున్నాడు. పక్కన బైకు మీద మేనమామ చీర పట్టుకుని, అక్క చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ ఏడుస్తున్నాడు. వెనక వ్యానులో బంధువులు, మేళం. ఎదురొచ్చేవాళ్ళు ఎవరు పోయారని అడిగితే వ్యానులోవాళ్ళు ముందు పరిగెత్తేవాణ్ణి చూపించి, తర్వాత కాదు కాదని చేతులు ఊపారు. పరుగు కాస్తా నడక అయింది. నడక కాస్తా ఈడ్పు అయింది. అయినా అతను బైకు ఎక్కలేదు. ఎక్కమని మామ కూడా అనలేదు.

తిరుత్తణి కొండ కింద శోభన నిలబడి ఉంది. అంతకు కాసేపటి ముందు ఫ్యాక్టరీవాళ్ళు తలలు వంచుకుని వచ్చి ఆమె ముందు పూలచక్రం పెట్టారు. ఎందుకని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ఫోను చేస్తే మేళం మోతలో మురళీధరన్‌కు వినబడలేదు. అంతసేపూ ఆమె ప్రాణం ఆమె దగ్గర లేదు. చివరికి కుంటుకుంటూ వస్తున్న భర్త కనబడ్డాడు. అత్తగారి ఫోటోను కూతురి చేతికిచ్చి, ఎదురుపోయి, అతని గుండెల మీద పిడికిలితో గుద్ది, ఆ చేత్తోనే కొంగు తీసి ముఖం తుడిచింది.

తల్లి పోయి ఏడాది నిండలేదు కాబట్టి కొండ ఎక్కకూడదు. మెట్ల పక్కన నీడలో ఫోటో నిలబెట్టారు. పచ్చయ్యప్ప ముందుకు వచ్చి, చీర మడత విప్పి, ఫ్రేము చుట్టూ కప్పి, ముఖం మాత్రం కనబడేలా కొంగు సర్దాడు. "ఆలస్యమై పొయ్యిందక్కా" అన్నాడు.  గులాబీదండ ఆమెకే వేశారు, పూలచక్రం ఆమెకే పెట్టారు. చావుకని వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగిపోవడం బాగుండదని డయాలిసిస్ వ్యాను కోసం పరిచిన తువ్వాలులో తోచింది వేశారు. పాండూరు దాటడన్న ధైర్యంతో ఒప్పుకున్నవాళ్ళు అందరికన్నా ముందు వేశారు.

జనం పలచబడ్డాక మునిరత్నం బూట్లు విప్పి, మెట్టుమీద మామ పక్కన కూర్చున్నాడు. 

"వొచ్చే నెల అమ్మకు యేడు నిండుతాది. పిలిస్తే ఇంటికి వొస్తావా మామా?"

పచ్చయ్యప్ప తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. మేనల్లుడి వాచిపోయిన పాదాల వైపు చూశాడు.

"వొస్తాలేరా. ప్రతి తూరీ నువ్వు సచ్చేదానికి కుదరదు గదా."